కాన్పులయ్యాక కూడా మనం బతికే ఉంటాం

(మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం గురించి మాట్లాడడం మనకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగాన్ని నిలదీసి, 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన చరిత్ర మన ఉద్యమానిది. కుటుంబ నియంత్రణ క్యాంపుల తీరు మీద, అవసరం లేకుండా గర్భసంచులు తీసేసిన ఆపరేషన్ల మీద కూడా మనం గొంతెత్తాం. అవన్నీ అవసరమైన పోరాటాలే. అయితే ప్రభుత్వం స్త్రీని గర్భసంచిగా చూసింది. దాన్ని ఎదిరిస్తూ మనం కూడా ఎక్కువగా ఆ గర్భసంచి చుట్టూనే తిరిగాం. కాన్పులయిపోయి, ఆపరేషనయిపోయి, ఇంకా ముప్పయి నలభై ఏళ్లు బతకాల్సిన స్త్రీ ఊపిరితిత్తుల గురించి, నెత్తురులోని చక్కెర గురించి మనం మాట్లాడింది తక్కువ. ఈ రోజు ఆ సంగతి మాట్లాడదామనుకుంటున్నాను.

మెదక్ జిల్లాలో నాకు పరిచయమైన ఒకామె ఉంది. వయసు యాభై దాటింది. పేరు చెప్పను, అక్క అంటాను. పదేళ్లప్పుడు పొయ్యి ముందు కూర్చుంది, ఇంకా లేవలేదు. పన్నెండేళ్లుగా దమ్ము. నాలుగడుగులు వేస్తే ఆగాలి. రాత్రిళ్లు గోడకు ఆనుకుని కూర్చునే నిద్ర. "డాక్టరుకు చూపించుకున్నావా అక్కా?" అంటే, "వయసైతున్నది మేడమ్, అందరికీ గింతే" అంది. అదే ఇంట్లో బీడీలు తాగే భర్త దగ్గితే అది జబ్బు. ఈమె దగ్గితే అది వయసు.

ఉపకేంద్రంలో ఆమె మూడు కాన్పులూ నమోదై ఉన్నాయి. ఆపరేషన్ తేదీ ఉంది. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. 30 ఏళ్లు దాటిన వారందరికీ బీపీ, షుగర్ పరీక్షలు మొదలయ్యాకే మళ్లీ పేరెక్కింది. షుగర్ ఉందని తేలింది. దమ్ము సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు.

దేశంలో మరణాలకు కారణాల్లో గుండెజబ్బు తర్వాతి స్థానం దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుదని 2016 నాటి గణాంకాలు చెప్పాయి. దీన్ని పొగతాగే మగవాళ్ల జబ్బుగానే అందరూ అనుకుంటారు. డాక్టరు "చుట్ట, బీడీ తాగుతావా?" అని అడుగుతాడు. ఆమె లేదంటుంది. మాట అక్కడితో ఆగిపోతుంది. ఏ పొయ్యి మీద వండుతావని అడిగేవాళ్లు తక్కువ. కట్టెల పొగ, పిడకల పొగ ఏళ్ల తరబడి ఊపిరితిత్తులను పాడుచేస్తాయి. ఒకసారి పాడైతే మళ్లీ పూర్తిగా బాగుపడవు. కానీ పీల్చే మందుతో ఆయాసం తగ్గుతుంది. పొగకు దూరమైతే జబ్బు ముదరడం నెమ్మదిస్తుంది.

ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చే ఫారంలో వంటచెరకు గురించి ఒక ప్రశ్న ఉంది. మంచిదే. కానీ ఆ జవాబు తీసుకుని ఏం చేస్తున్నారు? 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. సిలిండరు ఇంటికి చేరింది. మళ్లీ నింపించుకునే డబ్బు చేరలేదు. అక్క ఇంట్లో గ్యాసు మీద చాయ్ కాస్తారు, చుట్టాలొస్తే కూర వండుతారు. అన్నం, స్నానాల నీళ్లు కట్టెల పొయ్యి మీదే.

ఇక షుగర్. దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉందని వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో చెప్పింది. వీళ్లకిచ్చే సలహాలు మనందరికీ తెలుసు: వేళకు తినండి, అన్నం తగ్గించండి, నడవండి. వేళ ఎవరి చేతిలో ఉంది? రేషన్ దుకాణం ఇచ్చేది బియ్యం. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలేదీ అన్నమే. భర్తకు షుగర్ వస్తే భార్య రొట్టెలు విడిగా చేస్తుంది. భార్యకు షుగర్ వస్తే ఆమెకు విడిగా చేసిపెట్టే మనిషి లేదు. పొద్దున మాత్ర వేసుకుని, తినకుండా నాట్లకు పోయి కళ్లు తిరిగి పడిపోయిన ఆడవాళ్లు నాకు తెలుసు. ఆ భయంతో మాత్ర మానేస్తారు. కేంద్రంలో మాత్రం వాళ్లను "చెబితే వినరు" అంటారు. వినడానికి వీలైన బతుకు వాళ్లకుందా అని అడగరు.

ఈ జబ్బులు ఒక్క ఇంజెక్షన్‌తో పోయేవి కావు. బతికినన్నాళ్లూ వెంట ఉంటాయి. కాబట్టి ఆరోగ్య కేంద్రం కూడా వెంట ఉండాలి. మన వ్యవస్థ అలా లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్సల కోసం పుట్టిన పథకం. కాలు పుండు ముదరకుండా నెలనెలా చూసే పని దానిది కాదు. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో 104 వాహనాలు నెలకొకసారి ఊళ్లోకే వచ్చి బీపీ, షుగర్ మందులిచ్చేవి. బస్సు చార్జీ, ఒకరోజు కూలీ పోగొట్టుకోనక్కర్లేదు కాబట్టి ఆడవాళ్లు వాటి కోసం ఎదురుచూసేవారు. ఆ అనుభవం మనకు నేర్పేది స్పష్టమే. సేవ దగ్గరకొస్తే స్త్రీలు వాడుకుంటారు.

మరి మనం ఏం అడగాలి?

మొదటిది, నెలకు సరిపడా మందులు. ఇందులో పీల్చే మందు కూడా ఉండాలి. దాన్ని ఎలా పీల్చాలో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. నేర్పకపోతే మందు గొంతులోనే ఆగిపోతుంది. రెండోది, షుగర్ ఉన్నవారి పాదాలు చెప్పులు విప్పించి చూడాలి, ఏడాదికొకసారి కంటి పరీక్ష చేయాలి. మూడోది, రెండు వారాలు దాటిన దగ్గును పొగ వల్లేనని వదిలేయకుండా కఫం పరీక్ష చేయాలి. షుగర్ ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం ఎక్కువ. నాలుగోది, కూలికి వెళ్లొచ్చిన స్త్రీ వచ్చే వేళకు కేంద్రం తలుపు తీసి ఉండాలి. అయిదోది, ఈ పనంతా ఎవరి నెత్తిన పడుతుందో మరచిపోకూడదు. ఆశాలూ మన ఆడవాళ్లే. సేవ పేరుతో వారి చాకిరీకి గౌరవ వేతనమిచ్చి సరిపెట్టడాన్ని మనం ఒప్పుకోకూడదు.

వీటిని దయగా కాదు, హక్కుగా అడగాలి. అడగడానికి ముందు మన దగ్గర లెక్క ఉండాలి. మీరు పనిచేసే ఊళ్లో ఉపకేంద్రానికి వెళ్లండి. షుగర్ ఉందని తేలిన స్త్రీలెందరు, మూడో నెలలో మళ్లీ మందు తీసుకున్నవారెందరు, పీల్చే మందు ఎన్ని రోజులు లేదు - ఈ మూడూ రాసుకుని గ్రామసభలో చదవండి.

పోయిన నెల అక్కను మళ్లీ కలిశాను. ఎట్టకేలకు పీల్చే మందు దొరికింది. వాడుతున్నావా అని అడిగాను. "దాచిపెట్టిన మేడమ్. బిడ్డ పెండ్లికి నడవాలె గద" అంది. అది అయిపోతే మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం ఆమెకు లేదు. ఊపిరిని కూడా దాచుకుని వాడుకోవాల్సిన స్థితిలో ఆమె ఉంది. ఆ నమ్మకం కలిగించడమే ఆరోగ్య కేంద్రం పని. కలిగించేలా చేయడం మన పని.