సామీ డేవిస్ : ఒక బహుకళా వినోదకుని జీవితము

హరికథ చెప్పువానికి గొంతు ఒక్కటి యున్న చాలదు. చేత చిరుతలు, కాలికి గజ్జెలు ఉండవలెను. పద్యము చదువవలెను, అడుగు వేయవలెను, నడుమ పిట్టకథ యొకటి చెప్పి నవ్వింపవలెను, నవ్వినవారిచేతనే మరునిమిషమున కంటతడి పెట్టింపవలెను. ఒక్క మనిషి సభనంతటిని అర్ధరాత్రి దాక కూర్చుండబెట్టు ఈ విద్యకు దూరపు చుట్టమనదగిన విద్య యొకటి అమెరికా దేశమున కలదు. అది చేయువానిని వారు ఎంటర్‌టైనర్ అందురు, మేము వినోదకుడందుము. అట్టివారు ఆ దేశమున పెక్కురు పుట్టిరి గాని, సామీ డేవిస్ జూనియర్ వలె ఇన్నింట ఆరితేరినవారు అరుదు. అతడు పాడెను, ఆడెను, డ్రమ్ములును వైబ్రఫోనును బాకాయును వాయించెను, ఇతరుల గొంతులు అనుకరించెను, బ్రాడ్వే నాటకములలో నాయకుడయ్యెను, చలనచిత్రములలో నటించెను, టెలివిజనులో తన పేరిటనే కార్యక్రమములు నడపెను.

ఇన్ని విద్యలు ఒక్కడు ఎందుకు నేర్చును? ప్రతిభ పొంగి పొరలుటచేత అని చెప్పుట సులభము. మాకు తోచినది వేరు. 1925 డిసెంబరు 8వ తేదీన న్యూయార్కు నగరములోని హార్లెమ్‌లో పుట్టిన ఆ నల్లజాతి బాలుని యెదుట చాల తలుపులు మూసియుండెను. ఏ తలుపు ఏ విద్యకు తెరచుకొనునో తెలియదు. కనుక అన్ని తాళపుచెవులును సంపాదించుకొనెను.

తండ్రి నర్తకుడు, తల్లి ఎల్వేరా శాంచెజ్ నర్తకి. వారిరువురు విడిపోగా బాలుని ఆలనపాలన నాయనమ్మ చూచెను. మూడేండ్ల ప్రాయముననే తండ్రి అతనిని విల్ మాస్టిన్ అను పెద్దమనిషి నడుపు బృందములో చేర్చెను. మాస్టిన్ వారికి రక్తబంధువు కాడు. అయినను బాలుడు అతనిని చిన్నాయన వరుసగానే తలచెను. వారు తిరిగినది వాడెవిల్ రంగము. ఒక ఆట తరువాత ఒక ఆటగా పాట, నృత్యము, గారడి, హాస్యము వరుసగా సాగు ప్రదర్శనలకు ఆ పేరు. రైలుబండియే ఇల్లు, రంగస్థలమే బడి. డేవిస్ పాఠశాల ముఖము చూడలేదు. పసిపిల్లలచేత పని చేయించుట నేరమని అధికారులు వచ్చినపుడు, నోట చుట్ట యొకటి పెట్టి, ఇతడు బాలుడు కాడు, మరుగుజ్జు అని నమ్మించెడివారట! ఈ ముచ్చట అతడే తరువాత చెప్పుకొనెను. 1933లో, ఏడేండ్ల వయస్సున, ఎథెల్ వాటర్స్‌తో కలిసి యొక చిన్న చిత్రములో నటించెను.

ఆ రోజులలోనే వాడెవిల్ క్షీణింపసాగెను. మాటాడు చిత్రములు వచ్చెను, ఇంటింట రేడియో వచ్చెను. రేడియో పత్రికలో ఈ మాట వ్రాయుటకు మాకు కొంచెము సంకోచముగానే యున్నది గాని, ఆ ఊరూర తిరుగు కళాకారుల అన్నములో కొంత మన రేడియోయే తీసికొనెను. అయినను డేవిస్ నేర్చిన ముఖ్యవిద్య రేడియోకు తగినదే. ట్యాప్ నృత్యమున బూటు ముందటను మడమ క్రిందను లోహపు పలుకలు బిగింతురు. మన నర్తకికి లయ చీలమండ దగ్గర మ్రోగును. వారికి అరికాలి క్రింద మ్రోగును. కన్నులు మూసికొని విన్నను ఆ నృత్యము తెలియును. మృదంగము తనియావర్తనమువలె విని ఆనందింపవచ్చును. అందులో అగ్రగణ్యుడగు బిల్ రాబిన్సన్ నుండి డేవిస్ కొన్ని మెలకువలు నేర్చెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అతడు సైన్యములో చేరెను. అంతవరకు తండ్రియు మాస్టినును జాతిద్వేషమనునది అతని కంట పడనీయక దాచిరి. ఎవడైన అవమానించిన, వాడు మన ఆట చూచి అసూయపడుచున్నాడని సర్దిచెప్పెడివారు. బారకాసులో ఆ తెర చినిగెను. తోటి తెల్లసైనికులు కొందరు అతనిని కొట్టిరి, ముక్కు పగులగొట్టిరి, ఒంటికి తెల్లరంగు పూసి అవమానించిరి. 1965లో వెలువడిన ‘ఎస్ ఐ కెన్’ అను స్వీయచరిత్రలో ఇది యంతయు వివరముగా ఉన్నది. ఆ సైనికుల యెదుటనే రంగమెక్కి ఆడవలసివచ్చినపుడు అతనికి ఒక సంగతి తెలిసెనట: ఆడుచున్నంతసేపు వారు తన రంగును మరచుచున్నారు. పిడికిలికి లొంగనివారు విద్యకు లొంగుచున్నారు. ఆనాటినుండి విద్య అతనికి ఆయుధమయ్యెను. ఆ నమ్మకము ఎంత నిజము, ఎంత భ్రమ అనునదే అతని జీవితకథ.

అతని విద్యలలో మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపునది అనుకరణ. అమెరికాలో పంతొమ్మిదవ శతాబ్దమునుండి తెల్లనటులు ముఖమునకు మసి పూసికొని నల్లవారిని వెక్కిరించు ప్రదర్శనలు ఆదరణ పొందుచుండెను. నల్లవాడు తెల్లవానిని అనుకరించుట మాత్రము ఆచారమునకు విరుద్ధము. మన పగటివేషగాండ్రు దొరగాను, షావుకారుగాను వచ్చి ఊరిపెద్దల ముందరనే వారిని ఆటపట్టింతురు గదా! వేషమునకు ఆ స్వేచ్ఛ మన గ్రామములు ఇచ్చినవి. ఆ దేశమున ఆ స్వేచ్ఛ నల్లవానికి లేకుండెను. డేవిస్ జేమ్స్ కాగ్నీ, హంఫ్రీ బోగార్ట్, ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ మొదలగు తెల్ల తారల గొంతులు పలుక మొదలిడినపుడు, ముప్పు వచ్చునని తండ్రియు మాస్టినును భయపడిరి. అతడు మానలేదు. 1951లో హాలీవుడ్‌లోని సీరోస్ అను విలాసశాలలో, అకాడమీ బహుమతుల సభ జరిగిన రాత్రి, ఆ బృందము ఆడెను. వారిది తొలి చిన్న ఆట. ప్రధాన కళాకారిణి జానిస్ పెయిజ్. ఎదుట కూర్చున్నవారు చిత్రసీమ ప్రముఖులు. తామెరిగిన తారల గొంతులే ఒక నల్ల యువకుని నోట వినిరి. కోపింపలేదు, మురిసిపోయిరి. చప్పట్లు ఆగలేదు. ఆ రాత్రితో విల్ మాస్టిన్ త్రయము దశ తిరిగెను.

పేరు త్రయమునదే యైనను, జనులు వచ్చునది డేవిస్ కొరకని అందరికి తెలియును. అయినను ఆర్జన మూడు సమభాగములుగా పంచుకొనుట చాలకాలము సాగెను. పోషించినవారి ఋణము అట్లు తీర్చికొనెను. అతని చరిత్రలో మేము మెచ్చుకొను సంగతులలో ఇది యొకటి.

లాస్ వేగాస్ నగరపు హోటళ్లలో ఈ త్రయము ఆడునపుడు జరిగినది వినుడు. రంగముమీద దీపముల వెలుగు, సభలో చప్పట్లు. ఆట ముగిసిన పిదప ఆ హోటలులో వారికి గది లేదు, భోజనము లేదు, జూదశాలలో అడుగు పెట్టరాదు. వెనుకదారిని వెడలి, ఊరి పడమటి వైపున నల్లవారి వాడలో అద్దెగదికి పోవలెను. కీర్తి పెరిగిన తరువాతనే, 1954 నాటికి, ఆడిన చోటనే బస లభించెను. ఆ యేడు నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున, రాత్రి ఆట ముగించికొని లాస్ ఏంజెలిస్‌లో పాట రికార్డు చేయుటకై కారులో పోవుచుండగా శాన్ బెర్నార్డినో దగ్గర ప్రమాదము జరిగెను. ఎడమకన్ను పోయెను.

ఒంటికన్నువానికి వస్తువు ఎంత దూరమున ఉన్నదో తెలియుట కష్టము. మామూలు మనిషికే మెట్టు దిగుట భయము. అడుగుమీద అడుగు వేసి బ్రతుకు నర్తకుని గతి యేమి? ఫ్రాంక్ సినాత్రా అతనిని తన యింటికి తీసికొనిపోయి కోలుకొనువరకు ఉంచెను. డేవిస్ తూకము మరల నేర్చుకొనెను. రెండు నెలలు గడవకముందే, 1955 జనవరిలో, కంటికి నల్లగుడ్డ కట్టుకొని అదే సీరోస్‌లో ఆడెను. ఆ ఆసుపత్రి దినములలో మొదలైన చింతన ఫలితముగా కొన్నియేండ్లకు యూదుమతము స్వీకరించెను. ఒక అల్పసంఖ్యాకుడు మరియొక అల్పసంఖ్యాకమున చేరుట చూచి నవ్వినవారుండిరి. ఆ నవ్వును తానే ముందుగా నవ్వి, దానిని హాస్యముగా మార్చెను.

బ్రాడ్వేలో 1956లో ‘మిస్టర్ వండర్‌ఫుల్’ 383 ప్రదర్శనలాడెను. దానికంటె గొప్పది 1964లో మొదలైన ‘గోల్డెన్ బాయ్’. క్లిఫర్డ్ ఒడెట్స్ 1937లో వ్రాసిన నాటకములో నాయకుడు ఇటలీ సంతతి యువకుడు. సంగీతనాటకముగా మార్చినపుడు అతనిని హార్లెమ్ నల్లయువకునిగా చేసిరి. మల్లయుద్ధముకంటె కఠినమగు ముష్టియుద్ధమున దిగి పైకి రాజూచు బీదవాని కథ అది. అందులో నల్లనాయకుడు తెల్లకన్యను ప్రేమించును. అది కొందరికి కంటగింపయ్యెను. నాటకము మాత్రము ఐదువందల ప్రదర్శనలు దాటెను. అది ఆడుచున్న కాలముననే, 1965 మార్చిలో, అలబామాలో మార్టిన్ లూథర్ కింగ్ నడిపిన ఓటుహక్కు యాత్రికులకొరకు మాంట్‌గొమరీ చెంత జరిగిన సభలో పాల్గొనెను. ఆ దక్షిణదేశమునకు పోవుట అతనికి ప్రాణభయముతో కూడిన పని.

ఇక టెలివిజను. 1952లో ఎడ్డీ కాంటర్ తన కార్యక్రమమున డేవిస్ ఆట ముగిసినంతనే ఆప్యాయతతో దగ్గరకు పోయి, తన చేతిరుమాలుతో అతని నుదుటి చెమట తుడిచెను. అంతే! దేశము నలుమూలలనుండి తిట్టుత్తరములు వచ్చి పడెను. కాంటర్ బెదరక అతనిని మరల పిలిచెను. రంగస్థలమునకు, టెలివిజనునకు గల భేదము ఇచ్చట తెలియును. రంగస్థలమునకు టిక్కెట్టు కొని వచ్చినవాడు చూడదలచియే వచ్చును. టెలివిజను పిలువని యింటికి పోవును. ఖర్చు భరించునది వ్యాపారప్రకటనలవారు, వారికి ప్రతి యింటి భయము ఉండును. మధురగాయకుడగు నాట్ కింగ్ కోల్ కార్యక్రమము 1956-57లో జాతీయ ప్రకటనదారుడు దొరకకయే ఆగిపోయెను. డేవిస్‌కు 1966 జనవరిలో ఎన్.బి.సి. సంస్థ వారమువారము కార్యక్రమము ఇచ్చెను. మొదటి వారము వచ్చెను. తరువాత మూడు వారములు తన పేరిట సాగు కార్యక్రమములో తానే కనబడరాదాయెను! వేరొక సంస్థకు ముందుగా ఒప్పుకొన్న ప్రత్యేక ప్రదర్శన షరతు అడ్డుపడెను. పెండ్లికొడుకు లేని పెండ్లి ఎన్నాళ్లు సాగును? ఏప్రిలులో ముగిసెను. ఇచ్చట జాతి ఒక్కటే కారణమనుట న్యాయము కాదు. ఒప్పందములు వ్రాసికొనుటలో తొందరపాటును ఉండెను.

1972 ఫిబ్రవరిలో అతడు ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ అను హాస్యనాటికలో డేవిస్‌గానే కనిపించెను. ఆర్చీ బంకర్ అను దురభిమాని యింటికి పోయి, తుదకు ఫోటో తీయు క్షణమున ఆ మహాశయుని చెంపపై ముద్దు పెట్టెను. ఒక్క మాట లేదు. అమెరికా అంతయు విరగబడి నవ్వెను. ఇరువదియేండ్ల ముందు చెమట తుడిచినందుకు తిట్టిన ప్రేక్షకలోకము ఇదియే.

లోపములు చెప్పకున్న ఈ ప్రసంగము స్తోత్రపాఠమగును. 1960లో లాస్ వేగాస్‌లోని సాండ్స్ హోటలులో సినాత్రా మిత్రమండలితో ఆడునపుడు తన రంగుపై మిత్రులు వేసిన ఛలోక్తులకు అతడే అందరికంటె బిగ్గరగా నవ్వెడివాడు. ఇప్పుడు ఆ చిత్రములు చూచిన మనస్సు చివుక్కుమనును. ఆ యేడే స్వీడన్ నటి మే బ్రిట్‌ను పెండ్లాడెను. కెనెడీ ఎన్నికకు చేటు కలుగునని పెండ్లి వాయిదా వేసికొనెను. అంత చేసినను 1961 జనవరిలో కెనెడీ పదవీస్వీకారోత్సవమునకు రావలదని కబురు వచ్చెను. 1972లో నిక్సన్‌ను బహిరంగముగా కౌగిలించుకొని, తనవారి నిందకు గురియయ్యెను. అందరు తనను ప్రేమింపవలెనను ఆరాటము కళాకారునికి బలము. పౌరునికి అదియే బలహీనత. ఆ యేటనే అతనికి అగ్రస్థానము తెచ్చిన ‘కాండీ మాన్’ పాట అతనికే నచ్చినది కాదు. టెలివిజను వినోదసభలలో అతని పొగడ్తలు, ఆర్భాటములు శృతిమించెను. వేయి మందికి చాలు నవ్వు చిన్న గదిలో కొంచెము ఎక్కువే అగును.

1989లో గొంతు క్యాన్సరని తేలెను. స్వరపేటిక తీసివేయు శస్త్రచికిత్సకు ఇష్టపడక, కిరణచికిత్సకు ఒప్పుకొనెను. ఆ నవంబరులో అతని అరువదియేండ్ల కళాజీవితమునకు పెద్ద సభ జరిగెను; టెలివిజను అది మరుసటి ఫిబ్రవరిలో ప్రసారము చేసెను. యువనర్తకుడు గ్రెగరీ హైన్స్ ఆయన యెదుట ఆడి, రమ్మని పిలిచెను. డేవిస్ మాటాడలేదు, బూట్లు తొడుగుకొని రంగమెక్కెను. చిక్కిన దేహము, తేలికైన అడుగు. హైన్స్ వంగి ఆ బూటును ముద్దు పెట్టుకొనెను.

1990 మే 16న మరణించెను. రెండు దినముల పిదప లాస్ వేగాస్ వీధిలో దీపములు పది నిమిషములు తగ్గించిరి. ఆదాయపుపన్ను బాకీలు మాత్రము మిగిలెను. 1991లో ఇంటి సామాను వేలము వేసిరి. అందులో ఆయన ఆడిన బూట్లును ఉండెను.