మొహానికి అతకని మాస్కు మనకొద్దు

(రాతి కార్మికుల సభలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



బేతంచెర్లలో నాపరాయి కోసేది, పాలిష్ పట్టేది ఎవరు? మంగంపేట ముగ్గురాయి మిల్లుల్లో దుమ్ము మింగేది ఎవరు? మనమే. ఆ దుమ్ముకు మనం అడ్డం పెట్టేది తువ్వాలు, కొంగు. కంటికి కనపడే దుమ్మే దానికి ఆగుతుంది. ఊపిరితిత్తుల అడుక్కి పోయే సన్నధూళి ఆగదు. అందులో సిలికా ఉంటే సిలికోసిస్ వస్తుంది. దాన్ని టీబీ అనుకొని ఏళ్ల తరబడి మందులు మింగేవాళ్లున్నారు. పోయిన ఊపిరి తిరిగి రాదు. 1948 ఫ్యాక్టరీల చట్టమే ఈ జబ్బును సర్కారుకు తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది.

రెండు పక్కలా ఫిల్టర్లుండి, కడిగి మళ్లీ వాడుకునే మాస్కు అడగండి. పి-100 ఫిల్టరు సన్నధూళిలో 99.97 శాతం ఆపుతుంది. సిలికాన్‌దైతే మెత్తగా ఉంటుంది. ఊపిరి వదిలే వాల్వు ఉంటే ఉక్క తగ్గుతుంది. వీటిలో చిన్న, మధ్య, పెద్ద సైజులున్నాయి. యజమాని అందరికీ ఒకే సైజు తెచ్చి పడేస్తే ఆడోళ్ల చెంపల పక్కన సందు మిగులుతుంది. దుమ్ముకు ఆ సందు చాలు. గడ్డం పెంచినా అంతే.

పరీక్ష సులువు. ఫిల్టర్లను అరచేతులతో మూసి మెల్లగా గాలి పీల్చండి. మాస్కు మొహానికి అతుక్కుపోవాలి. గాలి దూరితే పట్టీలు సరిచేయండి. అయినా దూరితే సైజు మార్చమనండి. ఫిల్టరు కడగొద్దు, ఊపిరి బరువైతే కొత్తది వేయండి. మాస్కును సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. ఒకరిది ఒకరు వాడొద్దు.

మాస్కు ఇచ్చినాం కదా అని యజమాని తప్పించుకుంటే ఒప్పుకోవద్దు. రాయి కోసేచోట నీళ్లు పారించాలి, దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టాలి.

ఒకప్పుడు మన ఉమ్మి వాళ్ల నేల మీద పడకూడదని మన మూతికి ముంత కట్టించినారు. ఇప్పుడు వాళ్ల లాభాల దుమ్ము మన రొమ్ముల్లో పడకూడదని మనమే మాస్కు కట్టుకుంటాం. కొలత మన మొహానిది. ఎంపిక మనదే!