తాకట్టు లేని అప్పు – తీర్చవలసిన అప్పే

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సోలాపూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలకు అప్పు క్రొత్త మాట కాదు. నూలు కొనడానికి అప్పు, మగ్గం నిలపడానికి అప్పు, సరుకు అమ్ముడయ్యేవరకు ఇల్లు గడపడానికి అప్పు. తాకట్టు పెట్టడానికి ఇల్లో, బంగారమో లేనివారికి చాలాకాలం వడ్డీ వ్యాపారి గడపే దిక్కయింది.

ఈ కొరత తీర్చే ఉద్దేశంతో 2015 ఏప్రిల్ 8న ముద్ర యోజన ఆరంభమైంది. దుకాణం, కుట్టుపని, మరమ్మతు వంటి చిన్న వృత్తులకు ‘శిశు’ తరగతిలో 50 వేల రూపాయల వరకు, ‘కిశోర్’లో 5 లక్షల వరకు, ‘తరుణ్’లో 10 లక్షల వరకు తాకట్టు లేకుండా ఋణం లభిస్తుంది. తరుణ్ ఋణం సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చే ఏర్పాటు 2024లో వచ్చింది. వీధి వ్యాపారుల కోసం 2020లో మొదలైన స్వనిధి పథకంలో, 2025 సవరణ తరువాత, తొలి విడత 15 వేలు, రెండవది 25 వేలు, మూడవది 50 వేలు. మొదటిది తీర్చినవారికే రెండవది.

“ప్రభుత్వమే హామీ ఉన్నది గదా, కట్టకపోతే ఏమి?” అనుకునేవారు లేకపోలేదు. ఆ హామీ బ్యాంకుకే గాని అప్పు తీసుకున్నవారికి కాదు. బ్యాంకు నష్టంలో కొంత హామీ నిధి భరించినా, వారి బాకీ చెరిగిపోదు. తప్పిన వాయిదా ఋణ చరిత్రలో నమోదవుతుంది. రేపు పిల్లల చదువుకు అప్పు అడిగినప్పుడు అదే అడ్డు నిలుస్తుంది.

సబ్సిడీ సంగతీ అంతే. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం నిబంధనల ప్రకారం, పట్టణంలో ఒక మహిళ 4 లక్షలతో కుట్టుపని కేంద్రం పెడితే ఆమె వాటా 20 వేలు, సబ్సిడీ లక్ష. ఆ లక్ష చేతికి రాదు. మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్టుగా ఉండి, కేంద్రం నడుస్తున్నదని తనిఖీలో తేలిన తరువాతనే ఋణానికి జమ అవుతుంది.

కావున దరఖాస్తు కంటె ముందు లెక్క వ్రాసుకోవాలి. రోజు అమ్మకమెంత, సరుకుకు ఎంత, ఇంటికి ఎంత, వాయిదాకు మిగిలేది ఎంత? ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ముద్రకు దళారులు లేరు. కమీషన్ అడిగేవారిని నమ్మరాదు. ఫారం చదవడం, వడ్డీ కట్టడం ఎరిగిన పూర్వ విద్యార్థులు ఇరుగుపొరుగు వారి ప్రక్కన ఒక పూట కూర్చుంటే, ఈ బడి నేర్పిన లెక్కలు ఎన్నో ఇళ్ళను నిలబెడతాయి.