కానరానిది కోయరాదు
(తీర్థమలైలో మన తెలుగు కుటుంబముల కూటమియందు చేసిన ప్రసంగ పాఠము)



కొండ క్రింద నిలిచి చూచినప్పుడు తీర్థగిరి యంతయు కనబడును గాని, రామతీర్థపు సన్నని ధార కనబడదు. ధారచెంత నిలిచినప్పుడు నీటిబొట్టు కనబడును గాని, వెనుకటి దారి కనబడదు. రోబో సహాయముతో శస్త్రచికిత్స చేయు వైద్యుని చిక్కు ఇట్టిదే.

రోబో తనంతట తాను కోయదు. వైద్యుడు కొంత దూరమున కూర్చుండి దాని చేతులను నడుపును. కడుపుపై చేసిన చిన్న రంధ్రముగుండా లోనికి పోయిన ఎండోస్కోపు చూపినంతయే అతనికి కనబడును. తొలి తరముల రోబోలలో స్పర్శ తెలియదు. కావున చేతికి తెలియవలసినదియు కన్నే తెలిసికొనవలెను. తెర అంచునకు ఆవల పనిముట్టు ప్రేగును నొక్కినచో, ఆ గాయము వెంటనే తెలియకపోవచ్చును.

అందుచేతనే ఈ చూపును మెరుగుపరచుటకు ఎందరో పాటుపడిరి. 1954లో హాప్కిన్సు, పంజాబున జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, గాజుపోగుల కట్టగుండా బొమ్మను పంపవచ్చునని చూపిరి. 1959లో హాప్కిన్సు గాజుకడ్డీలతో కటకములను కూర్చి బొమ్మకు వెలుగును, స్పష్టతను పెంచెను. 2000లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్సీ యంత్రము రెండు కన్నులకు రెండు బొమ్మలు చూపి లోతును తెలిపెను. 30 డిగ్రీల వాలుగల ఎండోస్కోపును త్రిప్పినచో ప్రక్కలును కనబడును. పెక్కు కెమేరాల బొమ్మలను అతికి ఒక్కటిగా చూపు పరిశోధనలును సాగుచున్నవి. అయినను చూపు వెడల్పయినకొలది అంచులు వంగును, సూక్ష్మములు చిన్నవగును. కటకముపై ఆవిరి పట్టినను, రక్తపు చుక్క పడినను, వెలికి తీసి తుడువవలసి రావచ్చును.

రోబో యనగానే మన ఇండ్లలో కొందరు బెదరుదురు. కొందరు దానికి సాటి లేదందురు. రెండును తగవు. ధర్మపురికో, సేలమునకో, బెంగుళూరునకో పోయి, ఇంగ్లీషు కాగితముపై చదువకయే సంతకము చేసి వచ్చుట మనలో కలదు. అట్లు చేయకుడు. తెలిసిన భాషలో చెప్పుడని కోరి, రెండు ప్రశ్నలు వేయుడు: ఈ చికిత్స తాము ఎన్ని మారులు చేసితిరి? లోపల చూపు చాలనిచో కడుపు తెరచి చేయుదురా?

నడుమ తెరచి చేసినచో దానిని ఓటమిగా తలంపకుడు. కానరానిదానిని కోయకుండుటయే వైద్యుని నేర్పు.