వృద్ధాశ్రమంలో పథ్యం: డాక్టర్ చీటీ వంటగదికి చేరుతోందా?

మన కోరుకొండ, రాజమండ్రి వైపు పుట్టినరోజుకో, పెద్దల తిథికో వృద్ధాశ్రమంలో భోజనం పెట్టించడం బాగా అలవాటు. డొక్కా సీతమ్మగారు అన్నం పెట్టిన జిల్లాల వాళ్లం కదా, పెడితే బూరెలు, పులిహోర ఉండాల్సిందే! కానీ తినేవాళ్లలో ఒకరికి షుగరు, ఒకరికి కిడ్నీ జబ్బు, ఇంకొకరికి పక్షవాతం. వాళ్ల పథ్యం డాక్టర్ చీటీలో ఉంటుంది, చీటీ ఫైల్లో ఉంటుంది. వండే ఆవిడకి మాత్రం ఎవరూ చదివి చెప్పరు.

ముప్పై మందికి ముప్పై వంటలు చెయ్యక్కర్లేదండి. పప్పు ఉడికాక, ఉప్పు వెయ్యకముందే ఒక గిన్నెలోకి తీసి పక్కన పెట్టాలి. అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటుంది, అంటే టీస్పూను కంటే తక్కువ. మనం ఆవకాయని లెక్కలోకే తీసుకోం! ఆ గిన్నెలో పప్పుకి జీలకర్ర, వెల్లుల్లి పోపు పెడితే చప్పగా ఉండదు.

కిడ్నీ వాళ్ల సంగతి వేరు. కొబ్బరినీళ్లు, అరటిపండు అందరికీ మంచివే అనుకుంటాం. వాటిల్లో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. బీపీకి మంచిదని అమ్మే 'తక్కువ సోడియం ఉప్పు'లోనూ పొటాషియమే ఉంటుంది. డాక్టర్ని అడక్కుండా వాళ్లకి వాడొద్దు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది ఇదండీ. పొద్దున్నే ఇన్సులిన్ వేసేశారు. దాతలు వస్తున్నారని, ఫొటోలు తియ్యాలని టిఫిన్ గంట ఆపారు. షుగర్ పడిపోతుంది: చెమటలు, వణుకు, మాట తడబాటు. తెలివిలో ఉండి మింగగలిగితే వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ షుగర్ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

పక్షవాతం వచ్చినవాళ్లకి గట్టి ముద్దే కాదు, పల్చటి మజ్జిగ కూడా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎంత చిక్కగా ఇవ్వాలో డాక్టర్ చెప్పాలి. నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి. తిన్న వెంటనే పడుకోబెట్టకూడదు.

పథ్యం పేరుతో పస్తులు పెట్టడం కూడా చూస్తుంటాం. పళ్లులేని పెద్దావిడకి రాత్రి రెండు చపాతీలు! అవి కంచంలోనే ఉండిపోతాయి, రిజిస్టర్లో మాత్రం 'ఇచ్చాం' అని ఉంటుంది. ఏం పెట్టామో కాదు, ఎంత తిన్నారో రాయాలి. నెలకోసారి బరువు చూడాలి. తగ్గుతుంటే పథ్యం కొంచెం సడలించొచ్చా అని డాక్టర్ని అడగాలి. ఎనభై దాటినవాళ్ల విషయంలో నేనైతే షుగర్ నంబరు కంటే ముందు కంచమే చూస్తాను.

భోజనం పెట్టించేవాళ్లు ముందురోజే ఆశ్రమానికి ఫోన్ చేసి ఎవరికి ఏం పడదో కనుక్కోండి. స్వీట్లు తెస్తే వంటావిడకే అప్పగించండి, నేరుగా చేతుల్లో పెట్టొద్దు. ఇంకా ఇవ్వాలనిపిస్తే ఒక బరువు మిషను, మెత్తగా చెయ్యడానికి ఒక మిక్సీ కొనివ్వండి.