సత్రములో మూడు రాత్రులు
(అర్ధవీడులో చేసిన ప్రసంగ పాఠము)



ఆటిజము గల పెద్దల కొఱకు, ఈ వేసవిలో మన సత్రమున రాత్రి బసతో కూడిన శిబిరము నడుపవలెనని ధర్మకర్తలు ఆలోచించుచున్నారు. ఆ విషయమై నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిరి. నేను వైద్యుడను కాను. వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవాడను. అయినను శుభాశుభములకు ఈ సీమలో ఇంటింటికి వెళ్ళినవాడను గనుక, ఏ యింటి వెనుక గదిలో ఎవరున్నారో కొంత ఎఱుగుదును.

ఆటిజమనగానే మనకు పిల్లలే గుర్తుకు వత్తురు. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు దీనిని వర్ణించినదియు పిల్లలయందే. కాని పిల్లలు పెరుగుదురు, మీసములు వచ్చును, తల నెఱియును. వీరిలో కొందఱు చక్కగా మాటలాడి ఉద్యోగములు చేయుదురు. కొందఱు ఒక్క మాటయైనను పలుకరు. మనకు మామూలుగా తోచు ధ్వని, వెలుతురు, స్పర్శ వీరిలో పలువురికి భరింపరానివి. నిన్నటివలె నేడు జరుగకున్న కలత చెందుదురు. ఇది పూర్వజన్మ పాపమని గుసగుసలాడువారు మన ఊళ్ళలో ఇంకను కలరు. ఇతరుల కర్మఫలమును లెక్కించు అధికారము మనకెవ్వరును ఇయ్యలేదని వారికి మనవి చేయుచున్నాను.

ప్రతి శనివారము దర్శనమునకు వచ్చు ఒక తల్లి కలదు. కుమారునికి ముప్పదియారేండ్లు. అతనిని విడిచి ఆమె ఒక్క రాత్రియైనను బయట పండుకొని యెఱుగదు. సొంత అక్క పోయినప్పుడు కూడ పొద్దు గూకకముందే తిరిగి వచ్చినది. ఒకనాడు ప్రసాదము చేతనుంచుకొనియే నన్ను అడిగెను: "అయ్యవారూ, నేను పోయిన్నాటి రాత్రి వీడు యాడ పడుకుంటాడు?" నాకు తెలిసిన శాస్త్రములలో దీనికి సమాధానము వెదకి ప్రయోజనము లేదు. పండుకొనుటకు చోటు చూపవలెను. ఆ చోటు ముందుగానే అతనికి అలవాటు కావలెను.

నేటి ప్రసంగములో నేను చెప్పదలచినది ఇంతే. తల్లికి దూరముగా గడుపు మొదటి రాత్రి, తల్లి జీవించి ఉండగానే రావలెను. ఆమె మరణించిన రాత్రియే అది మొదటిసారి వచ్చినచో, ఇల్లు, మనిషి, పడక, అన్నము పెట్టు చేయి, అన్నియు ఒక్కసారిగా మాఱును. అంతటి మార్పును మనమే తట్టుకొనలేము.

చట్టమున కూడ ఒక చిక్కు కలదు, తల్లిదండ్రులు గమనింపవలెను. బిడ్డకు 18 ఏండ్లు నిండిన పిమ్మట తల్లిదండ్రులు తమంత తాము సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము ప్రకారము, జిల్లా కలెక్టరు ఉండు స్థానిక కమిటీకి దరఖాస్తు చేసికొనవలెను. అదే సంస్థ నడుపు నిరామయ బీమాలో లక్ష రూపాయల వరకు వైద్యవ్యయము లభించును. నివాస వసతికి సమర్థ్-ఘరౌందా అను పథకమును కలదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఆటిజము ఒకటి. ఈ కాగితముల పనికి శిబిరములోనే ఒక బల్ల వేయింపుడని ధర్మకర్తలకు చెప్పియున్నాను.

ఇట్టి శిబిరము లోకమునకు క్రొత్త కాదు. అమెరికాలో 1996లో ఆటిజము గల పెద్దలే తమ కొఱకు తామే ఆట్రీట్ అను నివాస సమావేశమును ప్రారంభించిరి. అందు ముఖ్యులైన జిమ్ సింక్లెయిర్ స్వయముగా ఆటిజము గలవారు. అక్కడి ఏర్పాటొకటి నాకు మిక్కిలి నచ్చినది. ఎఱ్ఱ బిళ్ళ ధరించినవానిని ఎవరును పలుకరింపరాదు. పసుపు బిళ్ళ యున్నచో పరిచితులు మాత్రమే పలుకరింపవచ్చును. ఆకుపచ్చ బిళ్ళ యున్నచో మాటలాడవలెనని ఉన్నది గాని మొదలుపెట్టలేకున్నాడని అర్థము. ఇది మనము కూడ చేయవచ్చును, ఖర్చు అత్యల్పము. (మన పెండ్లిళ్ళలో నాకును ఒక ఎఱ్ఱ బిళ్ళ ఉన్న బాగుండునని అప్పుడప్పుడు అనిపించును.)

ఇట్టి సందర్భములలో భాగవతములోని జడభరతుని తలచుట పరిపాటి. చీమలను త్రొక్కకుండ అడుగువేయగా పల్లకి కుదుపుకు లోనైనది. రహూగణ మహారాజు అతనిని మందుడని నిందించెను. పిదప పాదములకు మ్రొక్కెను. నడకను చూచి మనిషిని నిర్ణయింపరాదనుటకు ఈ కథ చాలును. కాని దీనిని సాగదీసి, మౌనముగానున్న ప్రతివాడును జ్ఞానియే యని పూజించి ఇంటికి పోవుట నాకు సమ్మతము కాదు. పూజ సులభము, రాత్రి రెండు గంటలకు లేచి కూర్చున్నవానితో కూర్చుండుట కష్టము. వీరందఱు జడభరతులు కానక్కరలేదు. కాకపోయినను పడక ఇయ్యవలసినదే.

దేవాలయము ఇందుకు తగినదా యని కొందఱు అడిగిరి. తగినదే. సుప్రభాతము మొదలు ఏకాంతసేవ వరకు ఏది ఎప్పుడో మారని చోటు ఇంతకంటె లేదు. ఆ క్రమమును బొమ్మలతో గోడకు అంటించినచో, చదువురానివారికిని రోజు ఎట్లు గడచునో తెలియును. కాని మన మైకు మాత్రము తగదు. ఆ మూడు దినములు గోపురముపై మైకు కట్టివేయవలెను, గంట మెల్లగా మ్రోగింపవలెను. స్వామికి వినికిడి లోపము లేదు. దర్శనమునకు వచ్చుటయు రాకుండుటయు వారి యిష్టము.

శిబిరమునకు పదిమంది వత్తురు. వారితో పదిమంది మన కళాశాలల యువకులు ఉందురు. ఈ యువకులు సేవకులు కారు, సహవాసులు. అవే చాపలు, అదే పంక్తి, అదే వరుసలో విస్తళ్ళు ఎత్తు పని. స్త్రీలకు వేఱు మందిరము, స్త్రీలే తోడు. ఎవరును ఒక్కరితో ఒంటరిగా తలుపు మూసికొని ఉండరాదు. ఈ నియమమున మినహాయింపు నాకైనను లేదు. వీరిలో మూర్ఛ ఇతరులకంటె ఎక్కువగా కనబడును గనుక మందుల చీటి, పిలిచిన వచ్చు వైద్యుడు అవసరము. సాయంకాలము కంభము చెరువు గట్టుకు తీసికొనిపోదమని ఒకరు సూచించిరి. వీరిలో పలువురికి నీరన్న మక్కువ, ప్రమాదమును గ్రహింపకయే దిగిపోవుదురు. కావున మొదటి ఏడు వద్దని చెప్పితిని. రోహిణీకార్తెలో మన సీమ ఎండలు తెలిసినవే. అంతకుముందే శిబిరము ముగియవలెను.

మొదటి రాత్రి తల్లిదండ్రులు ప్రక్క గదిలో నిద్రింతురు. రెండవ రాత్రి ఊరిలో బంధువుల యింట. మూడవ రాత్రి తమ యింట. ఎవరైనను రెండవ రాత్రియే తిరిగి వెళ్ళదలచినచో వెళ్ళనిత్తుము. మరుసటి ఏడు మరల పిలుతుము.

దాతలారా, ఈ మాఱు అరటిపండ్లు, దుప్పట్లు పంచుచు ఫొటోలు దిగు కార్యక్రమము లేదు. మీవలన కావలసినవి ఇన్వర్టరు, మెత్తని వెలుతురు దీపములు, స్నానపు గదులకు పట్టుకడ్డీలు, చెవులు మూయు హెడ్‌ఫోనులు, ఇద్దఱు శిక్షణ పొందిన ఉపాధ్యాయుల జీతము. సికింద్రాబాదులో 1984 నుండి ఉన్న జాతీయ సంస్థ ఇట్టి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చుచున్నది. వండిన కూరలు రుచింపనివారు ఉందురు; పెరుగన్నమొకటే తినువానికి మూడు దినములు పెరుగన్నమే పెట్టుడు.

పేర్లు దేవస్థాన కార్యాలయమున వ్రాయింపవచ్చును. కులగోత్రములు అడుగరు. రాత్రి దీపము వెలుగవలెనా ఆర్పవలెనా, ఏ ధ్వనికి బెదరునో, ఏ దుప్పటి లేనిదే నిద్రపట్టదో అడుగుదురు. ఆ దుప్పటి వెంట తెచ్చుకొనుడు.