బావిలో లేనిది బొక్కెనలోకి ఎలా వచ్చింది?

తాడేపల్లిగూడెంలో భూమి సీలింగు మాటెత్తితే పెద్దవాళ్ళు ఇప్పటికీ కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. ఎవరి పేరున మనం చేరామో ఆ ప్లీడరుగారు బతుకంతా భూమి దావాలతోనే గడిపారు. నేనూ ఒక భూమి దావాతోనే మొదలుపెడతాను.

జలంధర్‌లో గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాలకు పైగా ఉండేది. అక్కడి సీలింగు చట్టం మనిషికి 30 ఎకరాలు మిగిల్చింది. ఆ చట్టాన్ని కాపాడిన రాజ్యాంగ సవరణ మీద తగువు సుప్రీంకోర్టులో 11 మంది న్యాయమూర్తుల ముందుకొచ్చి, 1967 ఫిబ్రవరి 27న, ఒక్క ఓటు తేడాతో తెగింది: ప్రాథమిక హక్కులను హరించే సవరణ పార్లమెంటు ఇక చేయకూడదు. ప్రధాన తీర్పు కోకా సుబ్బారావుగారిది. మన రాజమండ్రివారే. 1954లో గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి.

ఇంతవరకు అందరూ చెప్పేదే. నన్ను పట్టుకున్నది ఆ తీర్పులో ఒక మూలనున్న మాట. దేశానికి సమూలమైన మార్పే కావలసివస్తే, పార్లమెంటు తన అవశిష్టాధికారంతో, అంటే ఏ జాబితాలోనూ చేరని విషయాల మీద తనకున్న అధికారంతో, కొత్త రాజ్యాంగ సభను పిలవవచ్చు అన్నారాయన. గోవాలో అప్పుడే జరిగిన ప్రజాభిప్రాయ సేకరణను పోలికగా చూపారు. వెంటనే, ఇది తుది అభిప్రాయం కాదనీ రాశారు.

బావిలో ఉంటేనే కదా బొక్కెనలోకి వచ్చేది! పార్లమెంటుకే లేని అధికారం, అది పిలిచిన సభకు ఎక్కడి నుంచి వస్తుంది? ఆయన వాదంలో బలహీనమైన చోటు ఇదేనని నా అభిప్రాయం.

అయితే చరిత్రలో చాలా రాజ్యాంగ సభలు ఈ చిక్కులోనే పుట్టాయి. అమెరికాలో 1787లో ఫిలడెల్ఫియాకు వచ్చిన 55 మందిని పంపింది రాష్ట్రాల మధ్య ఉన్న పాత ఒప్పందాన్ని సవరించమని. వాళ్ళు కిటికీలు మూసుకుని కొత్త రాజ్యాంగమే రాశారు. పాత ఒప్పందం మారాలంటే 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. వీళ్ళు తొమ్మిది చాలన్నారు. ఆ అధికారం ఎవరూ ఇచ్చింది కాదు, తీసుకున్నది. మూడింట రెండు వంతుల రాష్ట్రాలు అడిగితే మళ్ళీ అలాంటి సభ పెట్టాలని ఆ కొత్త రాజ్యాంగంలోనే రాసుకున్నారు గానీ, ఇప్పటిదాకా ఒక్కసారీ పెట్టలేదు. భయమేనేమో.

మన రాజ్యాంగ సభ 1946 డిసెంబరు 9న బ్రిటిష్ కాబినెట్ మిషన్ గీసిన గీతల్లోనే మొదలైంది. సభ్యులను ఎన్నుకున్నది రాష్ట్రాల శాసనసభలు; వాటికి ఓటు వేసింది ఆస్తో చదువో ఉన్న కొద్దిమంది. అయినా తనను తాను తప్ప ఇంకెవరూ రద్దు చేయరాదని ఆ సభ నియమం పెట్టుకుంది. అందులో తెలుగువాళ్ళలో దుర్గాబాయి ఉన్నారు, పట్టాభి ఉన్నారు, రంగా ఉన్నారు. తెలంగాణ తరఫున మాత్రం ఒక్కరూ లేరు. హైదరాబాదు సంస్థానం ప్రతినిధులను పంపనే లేదు. అక్కడ రాజ్యాంగం అమలుకు ఒప్పుదల 1949 నవంబరులో నిజాం ఫర్మానాగా వచ్చింది. ప్రజల పేర మొదలయ్యే రాజ్యాంగానికి రాజుగారి సంతకం!

1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది కూర్చుని గోలక్‌నాథ్ తీర్పును తోసిపుచ్చారు. రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని చెరపకూడదన్నారు. సుబ్బారావుగారు అప్పటికి ఆరేళ్ళ కిందటే పదవి వదిలి, రాష్ట్రపతి ఎన్నికలో జాకిర్ హుసేన్ చేతిలో ఓడిపోయారు. మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు తాకకూడదు సరే, మరి తాకగలిగే సభను పిలిచేదెవరు? ప్లీడర్లు ముందు వరుసలోనే ఉన్నారు, జవాబు వాళ్ళు చెప్పాలి.